కొర్రబయలులో కదలని మెయిల్

అంకె మారింది. ఇప్పటిదాకా 4.2 ఉన్నది 4.1 అయింది.

మీరు కొర్రబయలు అని కూడా పిలిచే లంబసింగిలో, స్ట్రాబెర్రీ మడి గట్టున ఉన్న రేకుల షెడ్డులో కూర్చుని ఉన్నారు. జనవరి నెల. రాత్రి ఒంటిగంట దాటింది. నోరు తెరిస్తే ఆవిరి. గ్లౌజు తీస్తే తప్ప కీబోర్డు మీద అక్షరం సరిగ్గా పడదు, తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కుడిచేతికి తీసేశారు. ఎడమచెయ్యి స్వెట్టర్ జేబులో ఉంది. ఎదురుగా గోడకి తగిలించిన రాస్ప్‌బెర్రీ పై పెట్టె, దాని మీద ఆరుతూ వెలుగుతున్న ఆకుపచ్చ దీపం. అందులోంచి బయల్దేరిన తీగ రేకు సందులోంచి మడిలోకి వెళ్లి, మొక్కల ఎత్తులో కట్టిన ఉష్ణోగ్రత సెన్సారు దగ్గర ఆగింది.

ప్రతి అరగంటకీ ఈ పెట్టె సెన్సారుని చూస్తుంది. అంకె 4 కన్నా దిగితే నలుగురికి మెయిల్ రాస్తుంది. ఆ నలుగురిలో ముగ్గురు రైతులు, నాలుగోవారు మీరు. మెయిల్ అందగానే రైతులు మనుషుల్ని లేపి, మడుల మీద తెల్ల కవర్లు లాగించాలి. దానికి గంట పడుతుంది.

సున్నా దాకా ఆగొచ్చు కదా, 4 దగ్గరే ఎందుకింత హడావుడి అనిపిస్తోందా? టార్చి తీసుకుని ఒక్క నిమిషం బయటికి రండి.

గాలి లేదు. మబ్బు లేదు. చుక్కలు మరీ దగ్గరగా ఉన్నట్టున్నాయి. భయపడాల్సిన రాత్రి ఇలాగే ఉంటుంది. మబ్బు ఉంటే నేల వదిలిన వేడిలో కొంత తిరిగి కిందికి వస్తుంది, ఈ రాత్రి అంతా ఆకాశంలోకి పోతోంది. వంగి ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకోండి. చుట్టూ ఉన్న గాలి కన్నా ఆకే చల్లగా తగులుతుంది. గాలి 3 డిగ్రీలు ఉన్నప్పుడే ఆకు సున్నాకి చేరిపోవచ్చు. విచ్చుకున్న స్ట్రాబెర్రీ పువ్వు సున్నాకి ఒక డిగ్రీ కిందకి వెళితే చాలు, చచ్చిపోతుంది.

టార్చి ఇంకొంచెం కిందికి దించండి. ఈ పువ్వు చూడండి. రేకులు తెల్లగా, నిండుగా ఉన్నాయి. మధ్యలో పసుపు రంగు ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. ఇది ఇక కాయ కట్టదు. దాని పక్కది కూడా అంతే. ఆ పక్కది బాగానే ఉంది.

"మొన్న రేత్తిరి పడిపోనాది సలి," పెద్దాయన మీ వెనకే వచ్చి నిలబడ్డారు, దుప్పటి తల మీంచి కప్పుకుని. ఈ మడి ఆయనదే. "ఎవులికీ తెలవలేదు. తెల్లారి సూస్తే ఇలాగున్నాయి."

మొన్న రాత్రి పెట్టె పనిచేస్తూనే ఉంది. దాని దీపం వెలుగుతూనే ఉంది.

లోపలికి వచ్చారు. 3.8. అరగంట అయింది. ఇప్పుడు మెయిల్ వెళ్లాలి. మీ ఫోను జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. నిమిషం. రెండు నిమిషాలు. మోగలేదు.

ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చు. చేస్తారు. మోగి మోగి ఆగిపోతుంది. రెండో నంబరూ అంతే. తెల్లవారుజామునే లేచే మనుషులు వాళ్లు. పది దాటితే ఫోన్ల నోళ్లు నొక్కేస్తారు. ఈ పెట్టె నుంచి మెయిల్ వస్తే మాత్రం గట్టిగా గంట మోగేలా ఏర్పాటు చేసుకున్నారు, మీ మాట నమ్మి. వాళ్లలో ఒకరు చింతపల్లిలో ఉంటారు. ఇంకొకరు ఘాట్ దిగిన తర్వాత వచ్చే నర్సీపట్నంలో ఉండి, ఇక్కడి మనుషుల చేత సాగు చేయిస్తున్నారు. రేపటి పేపర్లో చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసిన కనిష్ఠ ఉష్ణోగ్రత వస్తుంది, టెంట్లలో పడుకున్న టూరిస్టులు అది చదివి మురిసిపోతారు. ఈ మడికి ఆ అంకె ఇప్పుడు కావాలి.

ల్యాప్‌టాప్ తెరిచి పెట్టెలోకి లాగిన్ అవుతారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మౌస్‌తో పని లేదు. 'మెయిల్' అన్న కమాండు, సబ్జెక్టు, మీ చిరునామా, లోపల ఒక్క ముక్క: పరీక్ష. ఎంటర్ కొడతారు.

కర్సరు కింది గీతకి దిగింది. అంతే. తప్పు అనలేదు, వెళ్లింది అనలేదు.

ఇక్కడే చాలామంది లేచి వెళ్లిపోతారు. మీరు కూర్చోండి. ఆ కమాండు చేసేది ఉత్తరాన్ని డబ్బాలో వెయ్యడం లాంటిది. తపాలా సంచి కదిలిందో లేదో దానికి పట్టదు. మోసుకెళ్లే బాధ్యత ఇంకో ప్రోగ్రాముది. ఈ పెట్టెలో దాని పేరు పోస్ట్‌ఫిక్స్, వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో విడుదల చేసినది. అది కంటికి కనపడకుండా వెనక నడుస్తుంది. దాన్ని అడగాలి.

'మెయిల్‌క్యూ' అని కొడతారు.

తెర పైకి పరుగెత్తింది. ఆగట్లేదు. ముప్పైకి పైగా ఉత్తరాలు. మూడు రాత్రుల నుంచి పెట్టె రాసిన ప్రతి హెచ్చరికా ఇక్కడే ఉంది. ఒక్కోదాని కింద ఒకే కారణం: కనెక్షన్ టైమ్డ్ అవుట్. పక్కన తేదీలు, మార్చి 27, మార్చి 28, మార్చి 29. ఏదో తేడాగా ఉందని కన్ను పట్టుకుంది. కానీ సెన్సారు 3.6 అంటోంది. మనసు ముందుకి దూకుతుంది.

ఒక ఉత్తరం తెరిచి చూస్తారు. మొన్నటిది. 'ఇప్పుడు 1.9. కవర్లు వెయ్యండి.' నాలుగు చిరునామాలూ సరిగ్గానే ఉన్నాయి. ఆ నల్ల మచ్చల పువ్వులకి ముందే రాసిన ఉత్తరం ఇది.

"ఏటి బాబూ, ఎల్లిందేటి?"

"ఇంకా లేదు మామా."

ఇప్పుడు తొందరపడితే కొత్త ప్రమాదం ఒకటుంది. దారి తెరుచుకున్న మరుక్షణం పోస్ట్‌ఫిక్స్ ఈ ముప్పై ఉత్తరాల్నీ పంపడం మొదలుపెడుతుంది. దాని స్వభావమే అది. 5 రోజుల దాకా వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చింతపల్లిలో ఆయన ఫోను వరసగా మోగుతుంది. తెరిస్తే ఒకటి 1.9, ఒకటి 3.3, ఒకటి 2.4, తేదీలు మార్చివి. పిచ్చి పట్టిందనుకుని ఫోను పక్కన పడేస్తారు. అసలు హెచ్చరిక వాటి కింద మునిగిపోతుంది.

అందుకని ముందు వాటిని ఆపండి. 'పోస్ట్‌సూపర్' కమాండుకి మైనస్ హెచ్, ఆల్ అని తగిలించి కొడితే లోపలున్నవన్నీ కదలకుండా నిలబడిపోతాయి. ఇకపై రాసేవి మాత్రం వెళ్లగలవు. చెరపడం తర్వాత చూసుకోవచ్చు.

ఆపారు. 3.5.

టైమ్డ్ అవుట్ అంటే అవతలి యంత్రం కాదనలేదు. అసలు పలకలేదు. ఎవరి తలుపు కొడుతున్నారో చూడాలి. సెట్టింగుల్లో రిలే హోస్ట్ అన్న గీత దగ్గర జీమెయిల్ సర్వరు పేరు ఉంది, పోర్టు నంబరు లేదు. నంబరు రాయకపోతే పోస్ట్‌ఫిక్స్ 25 అనుకుంటుంది.

'ఎన్‌సీ' అనే చిన్న పనిముట్టుతో 25వ పోర్టు తట్టి చూస్తారు. నిశ్శబ్దం. కర్సరు మినుకుతోంది. ఇది తేలడానికి కాస్త సమయం పడుతుంది, ఆపకండి.

1990ల్లో అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మెయిళ్లు చూసుకునే ట్రే హారిస్‌కి ఒక ఫిర్యాదు వచ్చింది, 500 మైళ్లు దాటి మెయిల్ వెళ్లడం లేదని. నవ్వుకుని పరీక్షిస్తే నిజంగానే వెళ్లడం లేదు. అవతలివాళ్ల జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె పొరపాటున సున్నా అయిపోయింది. అంటే ఆ యంత్రం మూడు మిల్లీసెకన్లకే ఓపిక వదులుకుంటోంది. ఆ వ్యవధిలో వెలుగు పోగలిగే దూరం 500 మైళ్ల పైచిలుకు. ఆయన కొలిచాడు కాబట్టి దొరికింది. మీరూ ఇప్పుడు కొలుస్తున్నారు.

ముందుగా కబురు పంపడం ఈ కొండలకి కొత్త కాదు. కింద మలుపులు తిరిగే నర్సీపట్నం రోడ్డు పనిలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని వెట్టికి తోలి, కూలి ఎగ్గొట్టాడు. ఆ మంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి అల్లూరి సీతారామరాజు వెంట జనాన్ని నడిపించింది. ఆయన ముందుగా మిరపకాయ టపా అనే హెచ్చరిక ఉత్తరం పంపి మరీ వచ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కబురు ముందు, మనిషి తర్వాత.

తెర కదిలింది. 25 పలకలేదు.

587 తట్టండి. వెంటనే జవాబు: సక్సీడెడ్.

అదీ సంగతి. 25 సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే దారి. ఇళ్లలో వైరస్ పట్టిన కంప్యూటర్లు అదే దారిన చెత్త మెయిళ్లు కుమ్మరిస్తాయని చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. ఈ షెడ్డుకి మూడు రోజుల కిందటే కొత్త కనెక్షన్ వచ్చింది. పాత కనెక్షన్‌లో తెరిచి ఉన్న దారి ఇందులో మూసి ఉంది. 587 మాత్రం మనలాంటివాళ్లు పేరూ పాస్‌వర్డూ చెప్పి ఉత్తరం అప్పగించడానికే పెట్టిన దారి. సర్వరు పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు, పక్కన కోలన్, 587. రీలోడ్. మీకు మీరే ఇంకో పరీక్ష మెయిల్.

3.1.

లాగ్ ఫైలు చివరి గీతలు చూస్తారు. ఈసారి కారణం మారింది. కారణం మారిందంటే ఒక మెట్టు ఎక్కినట్టే. అవతలి సర్వరు పలికింది, కానీ దాని సర్టిఫికెట్‌ని మీ పెట్టె నమ్మడం లేదు.

'ఓపెన్ఎస్ఎస్ఎల్'తో నేరుగా అడుగుతారు. జవాబు బారుగా వచ్చింది, మధ్యలో ఒక గీత: ఎర్రర్ నంబరు 9, ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు.

ఇంకా రాలేదా? గూగుల్ సర్టిఫికెట్టా?

మార్చి 27. మార్చి 28. మార్చి 29.

'డేట్' అని కొడతారు. పెట్టె చెప్పింది: మార్చి 30. పోయిన ఏడాది.

ఈ చిన్న పెట్టెలో కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం లేదు. కొత్త మోడల్ పై 5లో ఉంది, దానికీ బ్యాటరీ తగిలించాలి. మిగతావి ఆపేటప్పుడు ఉన్న సమయాన్ని కార్డు మీద రాసుకుని, మళ్లీ వెలిగినప్పుడు అక్కణ్ణుంచే లెక్క మొదలుపెడతాయి. తర్వాత ఇంటర్నెట్‌లో అడిగి సరిచేసుకుంటాయి. పోయిన పంట అయిపోయాక మార్చిలో దీన్ని ఆపేశారు. మళ్లీ వెలిగించింది మూడు రోజుల కిందట. సమయం అడిగే పోర్టు 123 కూడా కొత్త కనెక్షన్‌లో మూసి ఉంది. పెట్టె పోయిన మార్చిలోనే బతుకుతోంది. అక్కణ్ణుంచి చూస్తే ఈ మధ్య ఇచ్చిన సర్టిఫికెట్ నిజంగానే ఇంకా పుట్టలేదు.

2.8.

రెండు దారులు. సర్టిఫికెట్ చూడొద్దని పెట్టెకి చెప్పెయ్యడం, ఒక్క మాట మారిస్తే చాలు. లేదా గడియారం సరిచెయ్యడం. మొదటిదాని మీదికే చెయ్యి పోతుంది. వద్దు. ఆ తనిఖీ లేకపోతే మధ్యలో ఎవరు జీమెయిల్ వేషం వేసుకుని కూర్చున్నా మీ పెట్టె పాస్‌వర్డు చేతిలో పెట్టేస్తుంది. పైగా గడియారం తప్పుగానే ఉంటుంది.

ఫోను చూసి తేదీ, సమయం చేత్తో కొడతారు. మళ్లీ ఓపెన్ఎస్ఎస్ఎల్. వెరిఫై ఓకే.

పరీక్ష మెయిల్. లాగ్.

530. అథెంటికేషన్ రిక్వైర్డ్.

మెయిల్ సర్వర్లు మూడంకెల్లో మాట్లాడతాయి. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసిన నియమాల్లోంచి వచ్చిన పద్ధతి. మొదటి అంకె చూస్తే చాలు. 2 అయితే తీసుకున్నాను. 4 అయితే తర్వాత రా. 5 అయితే వద్దు. 4 వస్తే ఆగాలి. 5 వస్తే ఆగినా లాభం లేదు, మీ వైపే ఏదో మార్చాలి.

530 అంటే పాస్‌వర్డు తప్పని కాదు. అసలు ఇవ్వలేదని. ఫైల్లో ఉంది కదా, ఎందుకివ్వలేదు? ఆ ఫైలు తెరవండి. ఎడమ పక్క సర్వరు పేరు, కుడి పక్క పాస్‌వర్డు. పేరు పాతదే, 587 లేదు. రిలే హోస్ట్‌లో ఎలా రాశారో ఇక్కడా అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. లేకపోతే పోస్ట్‌ఫిక్స్‌కి ఈ గీత కనపడదు.

587 చేర్చారు. సేవ్. మెయిల్.

530.

2.5.

పెద్దాయన గుమ్మంలో నిలబడ్డారు. "మన మడి మీద పరదా లాగెయ్యమంటావా?"

"లాగించండి మామా. మిగతావాళ్లకి నేను చెప్తాను."

ఆయన వెళ్లారు. బయట ఎవర్నో కేకేస్తున్నారు. చెప్తాను అన్నారు మీరు. ఎలా?

ఫైలు మార్చారు. సేవ్ చేశారు. ఇంకా ఏం చెయ్యలేదు?

పోస్ట్‌మ్యాప్.

పోస్ట్‌ఫిక్స్ చదివేది మీరు మార్చిన ఫైలు కాదు. దాన్నుంచి తయారయ్యే ఇంకో ఫైలుని చదువుతుంది. ఆ తయారీ 'పోస్ట్‌మ్యాప్' కమాండు పని. ఎన్నిసార్లు సేవ్ చేసినా, అది కొట్టనంతవరకూ లోపల పాతదే ఉంటుంది.

కొట్టారు. మెయిల్. లాగ్.

535. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు ఇచ్చింది. తప్పు ఇచ్చింది.

2.3.

మళ్లీ అదే కొట్టకండి. పది సార్లు కొడితే ఖాతాకే తాళం పడొచ్చు. ఆలోచించండి. జీమెయిల్ 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి ప్రోగ్రాముల్ని లోపలికి రానివ్వడం లేదు. వాటికి విడిగా 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు ఇస్తుంది. ఇందులో ఉన్నది అదే. మరి ఎందుకు పోయింది? ఖాతా అసలు పాస్‌వర్డు మారిస్తే యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. వానాకాలంలో రైతుల్లో ఒకరు కొత్త ఫోను కొన్నప్పుడు, మీ అందరి ఉమ్మడిదైన ఆ ఖాతా పాస్‌వర్డు మారింది. అప్పటికి పెట్టె బీరువాలో ఉంది.

ఫోను తెరవండి. గూగుల్ ఖాతా. సెక్యూరిటీ. వేలిముద్ర అడిగింది. వేలు చల్లబడి గుర్తుపట్టడం లేదు. కుంపటి దగ్గర పెట్టండి. మళ్లీ. తీసుకుంది. యాప్ పాస్‌వర్డ్స్. పేరు రాయండి. క్రియేట్.

పదహారు అక్షరాలు. నాలుగేసి చొప్పున విడివిడిగా. మధ్య ఖాళీలు వద్దు. ఒక్కోటీ చూసి కొట్టండి. 'ఐ'నా, 'ఎల్'నా? ఎల్. సేవ్.

పోస్ట్‌మ్యాప్. ఈసారి మరిచిపోలేదు.

మెయిల్.

2.1.

లాగ్.

250. ఓకే.

మోకాలి మీద ఫోను మోగింది. పరీక్ష.

ఇంకా అయిపోలేదు. లోపల ఆపిన పాతవి ఉన్నాయి. ఇక వాటితో పని లేదు. 'పోస్ట్‌సూపర్ మైనస్ డీ ఆల్ హోల్డ్'. ఆల్ పెద్ద అక్షరాల్లో, ఆ తర్వాత హోల్డ్ అన్న మాట తప్పకుండా ఉండాలి. అది మరిస్తే క్యూలో ఉన్నవన్నీ పోతాయి. ఎంటర్. ఖాళీ.

ఇప్పుడు అసలుది. యంత్రం రాసే దాకా ఆగకండి, మీరే రాయండి. 'ఇప్పుడు 2.1. వెంటనే కవర్లు వెయ్యండి.' మూడు చిరునామాలు. ఎంటర్.

250. 250. 250.

మెయిల్‌క్యూ ఖాళీ. అవతలి సర్వరు మూడూ తీసుకుంది. తీసుకుందంటే అక్కడి యంత్రానికి అందిందని మాత్రమే. మనిషికి అందిందా?

మీ ఫోను మోగింది. చింతపల్లి నంబరు. "ఎంతకి దిగింది?"

"2.1. ఇంకా దిగుతోంది."

"మనుషుల్ని లేపుతున్నా." పెట్టేశారు.

నర్సీపట్నం నుంచి ఎత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. మూడోవారి దగ్గర్నుంచి ఏమీ లేదు. ఆయన మడి ఊరికి అవతలి పక్కన ఉంది. పెద్దాయన మనవణ్ణి టార్చితో అటు పంపించారు. పది నిమిషాల్లో కుర్రాడి కేక వినపడింది, ఆ వెనక ఇంకో మనిషి గొంతు. ఆ మడి దగ్గరా దీపాలు వెలిగాయి.

మీరు బయటికి వచ్చి ఒక కొస పట్టుకుంటారు. తెల్ల గుడ్డ తేమకి బరువెక్కి ఉంది. నలుగురు లాగితే బారు మీద సాఫీగా పరుచుకుంటుంది, గాలి లేదు కాబట్టి ఎగరదు. అంచుల మీద మట్టి, రాళ్లు. మడి చివరికి వచ్చేసరికి వీపు చెమటపట్టింది. సెన్సారు 1.6 చూపిస్తోంది. కవరు కింద చెయ్యి పెట్టి చూడండి. నేలలోంచి వచ్చే వేడి లోపలే ఆగుతోంది. బయట గట్టు మీద గడ్డి మాత్రం టార్చి వెలుగులో తెల్లబడింది.

మళ్లీ షెడ్డులోకి. ఒక చిన్న పని ఉంది. ఉత్తరం పాతదో కొత్తదో చూడగానే తెలియాలని సబ్జెక్టులో తేదీ, గంట వచ్చేలా చెయ్యాలనుకున్నారు. చెప్పిన వేళకి కమాండుల్ని నడిపే క్రాన్ ఫైలు తెరిచి, మెయిల్ కమాండులో 'డేట్' కలుపుతారు. చేత్తో నడిపి చూస్తారు, మెయిల్ వచ్చింది. నాలుగు గంటలకి అదంతట అదే పంపాలి.

నాలుగయింది. రాలేదు.

ఇందాక చేత్తో కొడితే వెళ్లిన అదే గీత ఇప్పుడు క్రాన్ నడిపితే వెళ్లలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోదగ్గది. తేదీ రాయడానికి వాడే పర్సెంట్ గుర్తుని క్రాన్ వేరేలా చదువుతుంది. అది కనపడిన చోట కమాండుని తెంచేసి, మిగతాదాన్ని ఆ కమాండుకి ఇన్‌పుట్‌గా అందిస్తుంది. కమాండు మధ్యలో తెగిపోయింది. ప్రతి పర్సెంట్ గుర్తుకీ ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి. నాలుగున్నరకి మెయిల్ వచ్చింది. సబ్జెక్టులో తేదీ ఉంది. ఈసారి జనవరిదే. అంకె 1.2.

తెల్లారాక చెయ్యాల్సినవి కాగితం మీద రాసుకుంటారు. బ్యాటరీతో నడిచే చిన్న గడియారం చిప్ తెప్పించి పెట్టెకి బిగించాలి. ఖాతా పాస్‌వర్డు మార్చేముందు మీకు చెప్పాలని ముగ్గురికీ చెప్పాలి. మూడోది ఇప్పుడే చేసెయ్యొచ్చు. ఆ మూడు రాత్రులూ మెయిల్ రాకపోవడాన్ని చలి లేదనే అనుకున్నారు అందరూ, పెట్టె మూగబోయిందని ఎవరికీ తట్టలేదు. అందుకని క్రాన్‌లో ఇంకో గీత రాస్తారు. చలి ఉన్నా లేకపోయినా రోజూ సాయంత్రం ఆరింటికి ఒక మెయిల్: 'పెట్టె పనిచేస్తోంది', కింద అప్పటి అంకె, పెట్టె అనుకుంటున్న తేదీ.

పెద్దాయన టీ గ్లాసు అందించారు. మీరు తెర చూపించి చెప్పారు.

"ఆరింటికి వత్తాదన్నమాట," అన్నారు ఆయన. "రాపోతే?"

"రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి మామా. రాత్రి ఎంతయినా సరే."

"ఫోనెందుకు, ముందు నానే వచ్చి సూత్తాను," అని, రాస్ప్‌బెర్రీ పై తీగని ఒకసారి వేలితో నొక్కి చూసి, ఆ పక్క మడిలో కవరు అంచు లేచిందంటూ బయటికి వెళ్లారు.